పల్నాటి మగవాడికి తిమ్మిరి లేదు

నా పరిశోధనా జీవితంలో నేను కనిపెట్టిన మొదటి సత్యం ఇది: పల్నాటి ఆడవాళ్ళకు నరాల జబ్బు వస్తుంది, మగవాళ్ళకు రాదు. ఈ సత్యం నాలుగు నెలలు బతికింది. ఆ నాలుగు నెలల్లో దాన్ని ఇంగ్లీషులో టైపు చేయించాం, కార్బను కాగితాలు పెట్టి ప్రతులు తీశాం, బొంబాయిలో జరగబోయే డాక్టర్ల సభకు పంపడానికి కవరు మీద అడ్రసు కూడా రాశాం. కవరుకు జిగురు రాయడం ఒక్కటే మిగిలింది. ఆ జిగురు పడకుండా ఆపినవాడు గురజాలలో ఒక దర్జీ. ఇది అతని చేతుల కథ. నా పరిశోధన మధ్యలో అడ్డం వస్తుంది గాని, ఓపిక పట్టాలి.

మెదడూ నరాలూ కోసే డాక్టరునై మద్రాసు నుంచి గుంటూరు వచ్చేనాటికి నాకు ముప్పై ఏళ్ళు నిండలేదు. పుట్టింది నరసరావుపేటలోనే. కానీ ఊహ తెలియకముందే మేనమామ మద్రాసు తీసుకుపోవడంతో నా తెలుగు చాలాకాలం పెట్టెలో ఉండిపోయిన పట్టుచీర లాగా తయారైంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కడితే మడతల దగ్గర చిరుగుతుంది.

ఆ రోజుల్లో నేను మెదడుకు ఆపరేషను చేస్తానని ఎవరికైనా చెబితే వాళ్ళు నా ముఖం చూసేవారు కాదు. నా చేతుల్లో సుత్తి ఉందేమోనని చూసేవారు. సరే, మెదడు మాట ఎత్తకుండా ‘నరాల డాక్టరు’ అని బోర్డు పెట్టించాను. అది ఇంకా పెద్ద పొరపాటు. బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’ అని రాయించుకునే వైద్యులు ఆ మాటను నాకంటే ముందే స్వాధీనం చేసుకుని ఉన్నారు. నా దగ్గరికి వచ్చిన మొదటి పదిమందీ ముఖానికి తుండుగుడ్డ చుట్టుకుని వచ్చి, తలుపు వేయించి, నర్సును బయటికి పంపించి, అసలు మాట నోరు దాటక, వానలు ఎప్పుడు పడతాయో నన్ను అడిగి వెళ్ళిపోయారు.

మా పెద్ద డాక్టరు గారు తమిళుడు. ఆయనకు తెలుగులో రెండే మాటలు వచ్చు: ‘నాలుక చాపు’, ‘పో’. ఆ రెంటితోనే ఆయన మూడు జిల్లాలకు వైద్యం చేశారు. ఒకరోజు నన్ను పిలిచి, పల్నాడు నుంచి మనుషులు నడుము బిగిసిపోయి, కాళ్ళు కొయ్యల్లాగా చాచుకుని వస్తున్నారని, కొన్ని ఊళ్ళ బావి నీళ్ళలో ఉండే ఫ్లోరైడే దానికి కారణమని తన అనుమానమని, నేను పోయి ఇంటింటికీ తిరిగి చూసి రావాలని చెప్పారు. చెప్పి ఒక ఫారం చేతిలో పెట్టారు. నలభై ప్రశ్నలు. చివర్లో ‘పో’ అన్నారు.

నలభైలో ఏడో ప్రశ్నే అసలు ప్రశ్న. చేతుల్లో, కాళ్ళలో స్పర్శ తగ్గిందా? తగ్గిందంటే, ఎముకలు లావెక్కి మెడలో నరాన్ని నొక్కుతున్నట్టు. త్వరగా పట్టుకుంటే ఆపరేషను చేసి మనిషిని నిలబెట్టవచ్చు. ఆలస్యమైతే మంచమే. మిగతా ముప్పై తొమ్మిది ప్రశ్నలూ ఏడోదానికి మర్యాద కోసం వచ్చిన చుట్టాలు.

ఆ ఏడో ప్రశ్నను తెలుగులో పెట్టమని ఒక పండితుణ్ణి అడిగాను. ఆయన రెండు రోజులు ఆలోచించి ‘స్పర్శరాహిత్యం కలదా?’ అని రాసిచ్చారు. గురజాలలో మొదటి ముసలమ్మను అదే అడిగాను.

“అది మాకింకా రాలేదయ్యా,” అంది. “పక్కూరికి ఇచ్చారేమో. కరెంటు కూడా వాళ్ళకే ముందిచ్చారు.”

ఆ సాయంత్రమే పండితుణ్ణి కొట్టేసి నా సొంత తెలుగు రాసుకున్నాను. మద్రాసులో మా అత్తయ్య బాసింపట్టు వేసుకుని ఎక్కువసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కిందని అంటుండేది. అది గుర్తుకొచ్చి, స్పర్శరాహిత్యం తీసేసి ‘తిమ్మిరి’ అని పెట్టాను. నా తెలుగుకు నేనే మురిసిపోయాను.

గురజాల ఎలా చేరామో కూడా చెప్పాలి. గుంటూరు నుంచి మాచర్ల పోయే బండి ప్రతి స్టేషనులోనూ ఎంతసేపు ఆగేదంటే, నేను నరసరావుపేటలో దిగి, చుట్టాలింట్లో భోంచేసి, వాళ్ళ తగాదా ఒకటి తీర్చి, ఇంకొకటి పెట్టి, తిరిగొచ్చి నా సీటులోనే కూర్చునేవాణ్ణి. ఇక ఎండ సంగతి. గురజాల పక్కనే రెంటచింతల. ఎండ అక్కడే తయారై మిగతా జిల్లాలకు పంపిణీ అవుతుందని నా అంచనా. నా జేబులోని థర్మామీటరు ఎవరి నోట్లోనూ పెట్టకముందే విపరీతమైన జ్వరం చూపించేది. ఆ లెక్కన బల్లకీ, బెంచీకీ కూడా జ్వరమే. దాన్ని నీళ్ళకుండలో ముంచి, దాని జ్వరం దించి, అప్పుడు రోగి నోట్లో పెట్టేవాళ్ళం.

వాళ్ళం అంటే నేనూ, మా కాంపౌండరూ. ఆయనది తెనాలి వైపు. ఎదుటి మనిషి ఏది చెబితే అది అక్షరం పొల్లు పోకుండా రాసే అలవాటు. పంచాయతీ ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాం. మొదట వచ్చినాయన మీసం ఆయనకంటే ఒక నిమిషం ముందు వరండా ఎక్కింది.

“తిమ్మిరి ఉందా?” అని అడిగాను.

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు.

“ఎవురికి?”

“మీకే.”

“ఎవురు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. అందరినీ అడుగుతున్నాను.”

“నాకేం తిమ్మిరి? నా చేను, నా ఎడ్లు, నేను. ఇంకొకడి గట్టు జోలికి పోలా. ఆ పక్కచేనోడేగా నీకు చెప్పింది?”

కాంపౌండరు రాశాడు: ‘తిమ్మిరి లేదు. పక్క చేను వాడి అబద్ధం.’

రెండో మనిషి ప్రశ్న విని కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. “తిమ్మిరి నీకుందో నాకుందో బజార్లోకి రా, చూసుకుందాం,” అన్నాడు. కాంపౌండరు రాశాడు: ‘లేదు. బజారులో చూపిస్తాడు.’ మూడో ఆయన లేచి ఇంటికి పోయాడు. మర్నాడు మునసబు గారి సంతకంతో కాగితం పట్టుకొచ్చాడు. ‘ఇతనికి ఏ విధమైన తిమ్మిరీ లేదు, మిక్కిలి నెమ్మదస్తుడు’ అని ఉంది అందులో. ఇంత జాగ్రత్తగల రోగిని నేను మద్రాసులో కూడా చూడలేదు. కాగితాన్ని ఫైల్లో పెట్టాను.

ఆడవాళ్ళతో ఏ ఇబ్బందీ లేదు. “తిమ్మిర్లా? చానా,” అనేవారు. అరికాళ్ళు, అరచేతులు, మోకాళ్ళ కింద, అన్నీ చూపించి చెప్పేవారు. ఊరు తర్వాత ఊరు ఇదే వరస. ఆడవాళ్ళకు ఉంది, మగవాడన్న వాడికి ఒక్కడికీ లేదు.

పరిశోధకుడికి ఇలాంటి చోటే మెదడు పాదరసంలాగా పరిగెత్తుతుంది. నేను ఆలోచించాను. ఇద్దరూ ఒకే బావి నీళ్ళు తాగుతున్నారు. ఒకే ఇంట్లో పడుకుంటున్నారు. తేడా ఎక్కడుంది? మగవాడు పొద్దున్నే చేలో కూర్చుని గొడ్డుకారం నంజుకుని ముద్ద తింటాడు. ఆ కారం నేను ఒకసారి తిన్నాను. మూడు రోజులు నా చెవులు రెండూ వేరే ఊళ్ళో మోగినట్టు వినపడ్డాయి. ఇంత కారం పడితే ఏ నరం మాత్రం నిద్రపోతుంది? కారం నరాన్ని మెలకువగా ఉంచుతుందని సిద్ధాంతం రాశాను. ఆడవాళ్ళు కూడా అదే కారం తింటారు కదా అన్న ప్రశ్న నాకు రాలేదు. వస్తే సిద్ధాంతం ఆగిపోయేది. మా పెద్ద డాక్టరు గారు చదివి, జీవితంలో మొదటిసారి నన్ను కూర్చోమన్నారు.

ఇక దర్జీ దగ్గరికి వస్తాను. గురజాలలో నేను అద్దెకు దిగింది ఆయన ఇంట్లోనే. ఒక గోడకు అటు వాళ్ళు, ఇటు నేను. భార్యాభర్తలు ఇద్దరే. ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి, ఆవిడను పిన్ని అనేవాణ్ణి. ఆయన నన్ను డాక్టరబ్బాయ్ అనేవాడు. వయసు యాభై దాటి ఉంటుంది. పాస్టరు గారి అంగరఖా నుంచి తాసిల్దారు గారి కోటు దాకా ఆయన కత్తెర కిందికి రాని గుడ్డ ఆ తాలూకాలో లేదు. అంతకు మించిన పేరు ఇంకొకటి ఉంది. కళ్ళు మూసుకుని గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి, అది పాప్లినో, మల్లో, లాంగుక్లాతో, పట్టో చెప్పేవాడు. ఏ మిల్లుదో కూడా చెబుతాడని జనం అనేవారు. ఆ గుడ్డ పత్తి ఎవరి చేలో పండిందో కూడా చెబుతాడని నేను గుంటూరులో చెప్పేవాణ్ణి.

నేను గోడకు ఇవతల కూర్చుని నరాల మీద పెద్ద పెద్ద పుస్తకాలు చదువుతుంటే, అవతల రోజుకు పదిసార్లు కత్తెర కిందపడిన చప్పుడు వినపడేది. కుట్టుపనిలో అదొక భాగమనుకున్నాను. నాకు కుట్టిన తెల్లకోటుకు కాజాలు ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ ఉన్నాయి. అడిగితే, “ఒళ్ళు వంకరైతే కాజా వంకరే కనపడుద్ది అబ్బాయ్. నిటారుగా నిలబడు,” అన్నాడు. నేను నిటారుగా నిలబడ్డాను. ఆయన ఫారం కూడా నేనే నింపాను. ఏడో ప్రశ్నకు, “పుల్లలు పెట్టే మనిషిని కాదబ్బాయ్ నేను,” అన్నాడు. లేదు అని రాసుకున్నాను.

కారం సిద్ధాంతం బొంబాయి కవరులోకి ఎక్కబోయే ముందు రోజు. మర్నాడు గుంటూరులో పెద్ద డాక్టరు గారి ఎదుట నిలబడాలి గనక నా కోటు ఇస్త్రీ చేసి పెట్టమన్నాను. మిట్టమధ్యాహ్నం. నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. కాంపౌండరు పక్కన ఫారాలు సర్దుతున్నాడు. బాబాయి ఎడమచేత్తో కోటు చెయ్యిని సాగదీసి పట్టుకుని, కుడిచేత్తో బొగ్గుల ఇస్త్రీపెట్టె నడుపుతూ, సాగర్ డ్యాము కట్టేచోట పనిచేసే మేస్త్రీ ఒకడు తనతో లాల్చీ కుట్టించుకుని కొలతల మీద ఎలా వాదించాడో చెబుతున్నాడు. మంచి కథే. మధ్యలో ముక్కు ఎగబీల్చాడు.

“ఏదో మాడతంది. ఏమే, కూర చూసుకో,” అన్నాడు.

లోపల్నుంచి పిన్ని, “నేనింకా పొయ్యే ముట్టిచ్చలా,” అంది.

ఆయన కథ కొనసాగించాడు. నేను కిందికి చూశాను. ఆయన ఎడమచేతి చిటికెనవేలు ఇస్త్రీపెట్టె అంచు కింద ఉంది.

చెయ్యి పట్టి లాగేశాను. ఆయన ఆ వేలును తిప్పి తిప్పి చూశాడు. ఎవరిదో వేలు తన దగ్గర మరిచిపోయి వెళ్ళినట్టు చూశాడు. అరవలేదు. నొప్పెట్టిందా అని అడిగాను. “పెట్టుద్దిలే కాసేపాగి,” అన్నాడు. పెట్టలేదు.

“బాబాయ్, తిమ్మిరి ఉందా అని అడిగితే లేదన్నావేం?”

“మళ్ళా అదే మాట. ఇంట్లో పెట్టుకున్నందుకు నన్నే అంటన్నావా?”

పిన్ని వేలికి వెన్న పట్టుకొచ్చి రాస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. “నీ మాటే సరిగా లేదయ్యా. తిమ్మిర్లు అంటే జబ్బు. తిమ్మిరి అంటే పొగరు. ఊరూరా తిరిగి మగోళ్ళందర్నీ నీకు పొగరా, నీకు పొగరా అని అడగతన్నాడంట డాక్టరని మా చర్చిలో ఆదివారం నవ్వుకుంటన్నారు. నువ్వు చదువుకున్నోడివి, కావాలనే అడగతన్నావేమో అనుకున్నాం.”

నేను కాంపౌండరు వైపు చూశాను. ఆయన ఫారాల వైపు చూశాడు. తెనాలిలో తిమ్మిరిని ఏమంటారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

“ఈయనకి పోయిన వానాకాలం నుంచీ తిమ్మిర్లు,” అంది పిన్ని. “రెండు చేతులూ. ఇప్పుడు అవి కూడా లేవు, ఉత్త కొయ్యలు. సూదిలో దారం నేనే ఎక్కిస్తన్నా.”

“ఏమే, నోరు ముయ్యి. నా చేతులకేం కాలా,” అన్నాడాయన. “కళ్ళు మూసుకుంటా. గుడ్డ పెట్టు. డాక్టరబ్బాయే చూస్తాడు.”

కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. పిన్ని ఒక ముక్క పెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చాలాసేపు నలిపాడు.

“పాప్లిను,” అన్నాడు.

అది ఖద్దరు. గోనెసంచికి తమ్ముడిలాంటి ఖద్దరు. పిన్ని లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచి, తన పెళ్ళినాటి తెల్లని పట్టుచీర తెచ్చి కొంగు ఆయన వేళ్ళమధ్య పెట్టింది. దాని అంచు ఆయనే కుట్టాడట. ఆయన నలిపాడు. అరచేతిలో రుద్దాడు. ఆ ముఖంలో ధైర్యం మెల్లగా పోగైంది.

“ఖద్దరు. ఇది కూడా చెప్పలేనా?”

పిన్ని చీరను చప్పున వెనక్కి లాక్కుని నడుము వెనక దాచుకుంది. “అవును. ఖద్దరే,” అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. ఖద్దరు ముక్క మిషను మీద ఎక్కడిదక్కడే ఉంది. దాన్ని చూశాడు, ఆవిడను చూశాడు.

“నీకు అబద్ధం ఆడటం రాదే,” అన్నాడు.

అక్షరం పొల్లు పోకుండా రాసే మా కాంపౌండరు అప్పుడు ఏమీ రాయలేదు.

ఆయన మోకాలి కింద నా రబ్బరు సుత్తితో తట్టాను. కాలు ఎగిరి సిరాబుడ్డిని తన్నింది. మామూలు మోకాలు అంత ఎగరదు. మెడ దగ్గర నరం మీద బరువు పడితేనే కాళ్ళు అలా చెప్పిన మాట వినకుండా ఎగురుతాయి. నడవమంటే రెండు కాళ్ళూ కర్రల్లాగా నేలను రాసుకుంటూ నడిచాడు. ఇన్ని నెలలు ఆ మనిషి పక్కన ఉన్నాను. ఆయన నడకను నేను దర్జీ నడక అనుకున్నాను. రోజంతా మిషను తొక్కితే అలాగే అవుతుందని దానికీ ఒక సిద్ధాంతం ఉండింది నా దగ్గర.

మర్నాడు కోటు లేకుండానే గుంటూరు బండి ఎక్కాను. బాబాయినీ పిన్నినీ ఎక్కించాను. ఎక్స్‌రే ఫిల్ములో ఆయన మెడ ఎముకలు పండక్కి సున్నం కొట్టిన గోడల్లాగా తెల్లగా మెరుస్తున్నాయి. ఆ ఫిల్ము పట్టుకుని పెద్ద డాక్టరు గారి గదిలోకి పోయాను. బల్ల మీద బొంబాయి కవరు, పక్కన జిగురు సీసా ఉన్నాయి.

“సార్, మగవాళ్ళకు కూడా ఉంది,” అన్నాను.

“ఏడో ప్రశ్నకు అందరూ లేదన్నారు కదా,” అన్నారు ఆయన ఇంగ్లీషులో.

“మనం స్పర్శ తగ్గిందా అని అడగలేదు సార్. నీకు పొగరా అని అడిగాం.”

ఆయన కళ్ళద్దాలు తీశారు. “అందరినీనా?”

“అందరినీ సార్.”

“మరి నిన్ను కొట్టలేదా?”

“చాలా నెమ్మదస్తులు సార్. మునసబు గారి సర్టిఫికెట్టు కూడా ఉంది.”

ఆయన కవరు తీసి సొరుగులో పెట్టారు. జిగురు సీసాకు మూత పెట్టారు. తర్వాత ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, ఈ మెడ నువ్వే తెరవాలి, నేను పక్కన ఉంటాను అన్నారు.

మెడ తెరవడానికి ముందు మెడ సొంతదారు ఒప్పుకోవాలి. ఆసుపత్రిలో బాబాయి మంచం మీద, పిన్ని కింద చాప మీద. నేను పుస్తకాల తెలుగులోకి దిగాను. “బాబాయ్, మెడలో ఎముక లావెక్కింది. లోపల వెన్నుపాము నలిగిపోతోంది.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“పామా?” అన్నాడాయన.

“వెన్నుపాము. అందరికీ ఉంటుంది.”

“నలిగితే నలగనియ్యి. చచ్చుద్దిగా,” అంది పిన్ని. “దానికోసం మనిషి మెడ కొయ్యడం ఎందుకంట?”

పాము మంచిదని, అది చస్తే మనిషి పడిపోతాడని నచ్చజెప్పడానికి పావుగంట పట్టింది. బైబిల్లో పాముకు ఉన్న పేరు దృష్ట్యా పిన్ని ఎంతకూ దాని పక్షం రాలేదు. చివరికి నాకు తెలుగు అయిపోయింది. నా చొక్కా కాలరు పట్టుకుని అడిగాను.

“బాబాయ్, కాలరు బిగుతై మెడ నొక్కుతుందని చొక్కా తెస్తే ఏం చేస్తావు?”

“కుట్టు విప్పుతా. వెనక పట్టీ తీసి వదులు చేస్తా.”

“నేను చేసేది అదే. వెనక ఎముక పట్టీ తీస్తాను. లోపలి నరానికి చోటొస్తుంది.”

ఆయన మంచం మీద కూర్చునే వృత్తిపరంగా ఆలోచించాడు. “లోపల గుడ్డ వదిలి ఉండాలిగా. లేకపోతే ఎంత విప్పినా చాలదు.”

“కుట్టినవాడు కొంచెం వదిలే కుట్టాడు.”

“ఆయన మంచి పనోడేలే,” అన్నాడు పైకి చూసి. కాసేపటికి అసలు ప్రశ్న అడిగాడు. “చేతులొస్తయ్యా?”

ఈ ఒక్క చోట నేను దేన్నీ పెంచి చెప్పలేదు. “కాళ్ళు పోకుండా ఆపగలననుకుంటున్నాను బాబాయ్. చేతులు వస్తాయో రావో నాకు తెలియదు.”

“కాళ్ళు ఉండి ఏం చేసుకోను? కాళ్ళతో మిషను తొక్కుతా. గుడ్డ ఎవురు పట్టుకుంటారు?”

“నేను పట్టుకుంటా,” అంది పిన్ని. ఆయన ఆవిడ వైపు చూడలేదు. కాగితం మీద వేలిముద్ర వేశాడు. సంతకం వచ్చిన మనిషే. పెన్ను పట్టుకోలేక వేశాడు.

ఆపరేషను గురించి ఎక్కువ చెప్పను. నా జీవితంలో నేను తక్కువ మాట్లాడిన గంటలు అవి. ఆ ఎముక పట్టీని మొదటిసారి పట్టుకున్నప్పుడు నా చెయ్యి ఆగింది. ఆ ఎముక రాయిలాగా ఉంది, దాని కింద వెంట్రుక మందంలో ఆయన రెండు కాళ్ళూ రెండు చేతులూ ఉన్నాయి. పెద్ద డాక్టరు గారు మాస్కు వెనక నుంచి తెలుగులో “పో” అన్నారు. పోయాను. బాబాయికి తెలివి వచ్చాక పెద్ద డాక్టరు గారే మంచం దగ్గరికి వెళ్ళి “నాలుక చాపు” అన్నారు. చాపాడు. మెడకు చేసిన ఆపరేషనుకు నాలుకతో ఏం పనో నాకు ఈనాటికీ తెలియదు. బహుశా ఆయనకు సంతోషం కలిగినప్పుడు వాడటానికి ఇంకో తెలుగుమాట లేకపోయి ఉంటుంది.

కాళ్ళు నిలిచాయి. నెలలోపే ఆయన మునుపటికంటే వదులుగా నడిచాడు. చేతులు మాత్రం ఎలా వచ్చాయో అలాగే గురజాల వెళ్ళిపోయాయి.

నేనూ గురజాల వెళ్ళాను. మళ్ళీ అదే బల్ల, అదే వరండా, అదే ఏడో ప్రశ్న. ఈసారి చివర ‘ర్లు’ పెట్టాను. ఆ ఒక్క బహువచనంతో పల్నాటి మగవాళ్ళకు వారం రోజుల్లో జబ్బు వచ్చేసింది. బజార్లోకి రమ్మన్నాయన చొక్కా విప్పి మెడ చూపించాడు. మునసబు గారి కాగితం తెచ్చినాయన “తిమ్మిర్లా? రెండేళ్ళ నుంచయ్యా,” అని నిట్టూర్చి, ఆ కాగితం మాత్రం ఫైల్లో అలాగే ఉంచమన్నాడు, ఎప్పటికైనా పనికొస్తుందని. బావి నీళ్ళు మానేయమని అందరికీ చెప్పాను. మరి ఏవి తాగమంటావు అని అడిగారు. నలభై ప్రశ్నల్లో అది లేదు. సాగర్ నీళ్ళు వస్తాయన్నాను. ఎప్పుడు అన్నారు. కాంపౌండరు అది కూడా రాసుకున్నాడు, జవాబు దగ్గర ఖాళీ వదిలి.

బాబాయి మిషను దగ్గర కూర్చుని తొక్కుతుండేవాడు. పిన్ని ఎదురుగా స్టూలు వేసుకుని గుడ్డ పట్టుకునేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇచ్చే గుడ్డలు మాత్రం తగ్గాయి. లంగాలు, దిండు గలేబులు, వంకర పోయినా ఫరవాలేని సరుకు. నేను గోడకు ఇవతల కూర్చుని కత్తెర చప్పుడు వినేవాణ్ణి. ఇప్పుడు అది ఏమిటో తెలుసు గనక చదువు సాగేది కాదు. గుంటూరు తిరిగి వచ్చేశాను.

ఎండాకాలం పోయింది. వానలు కూడా వెనకపట్టాయి. ఒకరోజు పెద్ద డాక్టరు గారు నన్ను వెంటనే రమ్మని కబురు పంపారు. ఆయన చేతిలో ఒక పోస్టుకార్డు ఉంది. నా పేరున వచ్చిన ఉత్తరం పొరపాటున ఆయన బల్ల మీదికి పోయింది. తెలుగు చదవలేరు గనక మా కాంపౌండరు చేత ఇంగ్లీషు చేయించారు. మా కాంపౌండరు సంగతి చెప్పాను కదా.

“ఎవరో గురజాల నుంచి రాశాడు,” అన్నారు పెద్ద డాక్టరు గారు చాలా గంభీరంగా. “తనకు పొగరు మొదలైందట. రెండు చేతుల్లోనూ. వచ్చి చూసుకో అంటున్నాడు. పోలీసులకు చెప్పమంటావా?”

కార్డు తీసుకున్నాను. అక్షరాలు నా కోటు కాజాల్లాగా ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు ఉన్నాయి. ‘డాక్టరబ్బాయికి. ఇక్కడ క్షేమం. నాకు తిమ్మిరి మొదలైంది. రెండు చేతులూ. వచ్చి చూసుకో.’ పిన్ని రాత కాదు. ఆవిడ రాత ముత్యాల్లాగా ఉంటుంది. పెన్ను పట్టుకోలేక వేలిముద్ర వేసిన చెయ్యే ఈ కార్డు రాసింది.

చచ్చుబడిన నరం తిరిగి లేచేటప్పుడు ముందు తిమ్మిరే వస్తుందని పెద్ద డాక్టరు గారికి నేను చెప్పనక్కరలేదు. కార్డు ఎవరిదో చెప్పాను, చాలింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, తనకు వచ్చిన రెండు మాటల్లో రెండోది అన్నారు.

బండి యథాప్రకారం ప్రతి స్టేషనులోనూ ఆగింది. పేటలో నేను దిగలేదు. గురజాల చేరి వీధిలోకి తిరిగేసరికి కొట్టు ముందు నలుగురు ఉన్నారు. బాబాయి వాళ్ళకు రెండు చేతులూ చూపించి చెబుతున్నాడు. “తిమ్మిరిరా. నాకు తిమ్మిరెక్కింది. ఇంత ఒళ్ళు తెలవని తిమ్మిరి ఈ తాలూకాలో ఇంకొకడికి ఉందేమో చూపియ్యండి.” పల్నాడులో ఈ మాట ఏకవచనంలో ఒప్పుకున్న మొదటి మగవాడు ఆయనే. నన్ను చూసి, “వచ్చాడు, పొగరు డాక్టరు,” అన్నాడు.

సుత్తి తీశాను. అది పక్కన పెట్టమన్నాడు. కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. చిటికెనవేలి మీద ఇస్త్రీపెట్టె మచ్చ అలాగే ఉంది. ఆ వేలికి ఇంకా ఏమీ తెలియడం లేదట. వచ్చింది బొటనవేలికీ చూపుడువేలికీ, అదీ సగమే.

పిన్ని ఒక ముక్క పెట్టింది.

“గుచ్చుకుంటంది. ఖద్దరు.”

ఖద్దరే. ఆవిడ లోపలికి పోయింది. ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. కొట్టు ముందున్న నలుగురూ గుమ్మం దగ్గరికి జరిగారు. ఆయన వేళ్ళమధ్య తెల్లని కొంగు పెట్టి ఆవిడ పక్కకు జరిగి నిలబడింది. ఆయన నలిపాడు. ఆగాడు. మళ్ళీ నలిపాడు. బొటనవేలు అంచు వెంట మెల్లగా పోయి ఒకచోట నిలిచింది.

“పట్టు,” అన్నాడు.

నలుగురూ పిన్ని ముఖం చూశారు.

“పట్టేనా? ఊరికే అవుననమాక.”

“కళ్ళు తెరిచి చూసుకో,” అంది పిన్ని. “నాకు అబద్ధం ఆడటం రాదుగా.”

ఆయన కళ్ళు తెరవలేదు. బొటనవేలు ఇంకా అక్కడే ఉంది.

“ఇక్కడ అంచు వంకర పోయిందే. ఎవురు కుట్టింది?”

“నువ్వే. పెళ్ళికి.”

ఆయన ఆ వంకరను ఇంకోసారి తడిమి చూశాడు.

“అప్పుడు పని కొత్త,” అన్నాడు. “ఇటియ్యి, విప్పి కుడతా.”